కుక్క నేలకు రాసుకుంటే నవ్వకండి

కుక్క ఇంటికి కావలి. చేనుకు కావలి. గొర్ల మందకు కావలి. రాత్రి మనం నిద్రపోతాం. కుక్క మాత్రం చెవులు నిక్కించుకునే పడుకుంటుంది. తోడేలు వచ్చినా, దొంగ వచ్చినా ముందు మొరిగేది అదే.

మనకు నొప్పి వస్తే నోటితో చెప్పుకుంటాం. కుక్క మొరగగలదు గాని, నొప్పి ఎక్కడో చెప్పలేదు. దాని నడక చూసి, దాని తీరు చూసి మనమే తెలుసుకోవాలి. తెలుసుకోకపోతే ఏమవుతుందో ఈ పాఠంలో చూద్దాం.

మోతికి ఏమైంది?

మల్లయ్య గొర్ల కాపరి. ఆయన భార్య ఎల్లమ్మ. వాళ్లకు 40 గొర్లు ఉన్నాయి. మందకు కావలి మోతి అనే కుక్క. దానికి 6 ఏండ్లు.

ఒకనాడు పొద్దున మోతి వాకిట్లో కూర్చుంది. ముందు కాళ్లతో పాకుతూ, వెనక భాగాన్ని నేలకు ఈడ్చుకుంటూ పోయింది. పిల్లలు చూసి పకపకా నవ్వారు. "మోతి బండి తోల్తుంది" అని చప్పట్లు కొట్టారు. మల్లయ్య కూడా నవ్వాడు.

మర్నాడూ అంతే. కూర్చున్న మోతి దిగ్గున లేచేది. వెనక్కి తిరిగి తోక కింద నాకేది. పండ్లతో కొరుక్కునేది. దగ్గరికి వస్తే కుళ్లిన చేపల వాసన వచ్చేది.

"ఏమయ్యా, మోతి సంకటి ముట్టుకుంటలేదు. జర చూడు" అన్నది ఎల్లమ్మ.

"కడుపుల పురుగులు పడ్డట్టున్నయ్. అదే తగ్గుతది తీ" అన్నాడు మల్లయ్య.

నాలుగో రోజుకు తోక కింద కుడివైపు ఎర్రగా ఉబ్బింది. నిమ్మకాయంత గడ్డ లేచింది. పక్కింటాయన వచ్చి చూశాడు.

"ఫినాయిలు పొయ్యి బావా. పురుగులన్నీ చస్తయ్" అన్నాడు.

మల్లయ్య పోశాడు. మోతి కీచుమని అరిచింది. మంటకు ఓర్చుకోలేక గిర్రున తిరిగింది. పక్కనే మల్లయ్య మనుమడు నిలబడి ఉన్నాడు. మోతి పన్ను వాని చేతికి గీరుకుంది.

"కుక్కకు పిచ్చి లేసింది! కొట్టుండ్రి!" అని ఎవరో కేక వేశారు. నలుగురు కట్టెలు పట్టుకొని వచ్చారు.

ఎల్లమ్మ అడ్డం నిలబడింది.

"ఆగుండ్రి! నాలుగొద్దుల సంది దానికి నొప్పి ఉన్నది. పుండు మీద ఫినాయిలు పోస్తే మనమైతే ఊకుంటమా? ముందుగాల పిల్లగాని చెయ్యి కడుగుండ్రి. మోతిని కట్టేసి డాక్టరు సారుకు చూపిద్దాం" అన్నది.

మల్లయ్య మోతిని దూరంగా గొలుసుతో కట్టేశాడు. ఎల్లమ్మ మనుమని చేతిని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగింది. వెంటనే వాణ్ణి సర్కారు దవాఖానకు తీసుకుపోయి టీకా వేయించింది. ఆ పని అయిన తర్వాతే ఇద్దరూ మోతిని ఆటోలో ఎక్కించుకొని పశువుల దవాఖానకు పోయారు.

తోక కింద రెండు తిత్తులు

డాక్టరు సారు మోతి మూతికి మెత్తని బట్ట కట్టించారు. చేతికి రబ్బరు తొడుగు వేసుకున్నారు. తోక ఎత్తి చూశారు.

"పెద్దయ్యా, ఇది పిచ్చి కాదు, పురుగులూ కాదు. తోక కింద తిత్తి నిండి చీము పట్టింది. అయినా ఈ 10 రోజులు దీన్ని కట్టేసి, కనిపెట్టి చూడాలి. పిల్లవానికి టీకాలు మాత్రం ఆపొద్దు" అన్నారు.

"తిత్తి ఏంది సారూ? గొర్లకు ఇసొంటిది నేనెన్నడు చూడలే" అన్నాడు మల్లయ్య.

గొర్లకు, ఆవులకు ఈ తిత్తులు ఉండవు. కుక్కలకు, పిల్లులకు ఉంటాయి. అందుకే గొర్ల సంగతి బాగా తెలిసిన వారికి కూడా ఇది తెలియకపోవచ్చు.

కుక్కను వెనక నుంచి చూడండి. మలద్వారం గడియారం నడిమి అనుకోండి. తోక 12 అంకె దగ్గర ఉంటుంది. 4 అంకె ఉండే చోట చర్మం లోపల ఒక తిత్తి ఉంటుంది. 8 అంకె ఉండే చోట ఇంకొకటి ఉంటుంది. కుక్కను బట్టి సెనగ గింజంత నుంచి గోలీకాయంత దాకా ఉంటాయి. మామూలుగా ఇవి బయటికి కనిపించవు. డాక్టర్లు వీటిని ఆనల్ గ్లాండ్లు అంటారు. మనం వాసన తిత్తులు అందాం.

ఈ తిత్తుల్లో బెల్లం రంగు నీరు ఊరుతుంది. దాని వాసన చాలా చెడ్డగా ఉంటుంది. ఆ వాసన కుక్కలకు గుర్తు. రెండు కుక్కలు కలిస్తే ముందు ఒకదాని తోక కింద మరొకటి వాసన చూస్తుంది కదా! ఒకదాన్నొకటి తెలుసుకోవడానికి ఈ వాసన కూడా పనికొస్తుంది.

ఒక్కొక్క తిత్తికి సన్నని దారి ఉంటుంది. ఆ దారి మలద్వారం అంచున తెరుచుకుంటుంది. కుక్క గట్టిగా దొడ్డికి పోయినప్పుడు తిత్తులు నొక్కుకుంటాయి. లోపలి నీరు కొంచెం బయటికి వస్తుంది. కుక్క బాగా భయపడినప్పుడు కూడా వస్తుంది. ఇట్లా తిత్తులు వాటంతట అవే ఖాళీ అవుతుంటాయి. మనం ఏమీ చేయనక్కరలేదు.

తిత్తులు ఎందుకు నిండిపోతాయి?

కుక్కకు చాలా రోజులు పల్చగా విరేచనం అయితే తిత్తులు సరిగా నొక్కుకోవు. నీరు లోపలే ఉండిపోతుంది. కుక్క బాగా బలిసినా అంతే. చర్మానికి దురద రోగం ఉన్న కుక్కలకు ఇది తరచుగా వస్తుంది. చిన్న జాతి పెంపుడు కుక్కలకు ఎక్కువగా వస్తుంది. అయితే ఊరి కుక్కలకు, మంద కుక్కలకు రాదని కాదు.

ఇది ఒక్కసారిగా ముదిరేది కాదు. మూడు మెట్లలో ముదురుతుంది.

మొదటి మెట్టు: తిత్తిలో నీరు నిలిచి చిక్కబడుతుంది. దారి మూసుకుపోతుంది. కుక్కకు బరువుగా, దురదగా ఉంటుంది.

రెండో మెట్టు: లోపల సూక్ష్మక్రిములు పెరుగుతాయి. చీము పడుతుంది. నొప్పి పెరుగుతుంది.

మూడో మెట్టు: గడ్డ లేస్తుంది. చర్మం ఎర్రబడి, పల్చబడి, పగిలిపోతుంది. చీము, రక్తం కారుతాయి. పుండు మీద ఈగలు వాలితే పురుగులు కూడా పడతాయి.

మొదటి మెట్టులో చూపిస్తే కొద్దిసేపటి పని. మూడో మెట్టు దాకా ఆగితే కుక్కకు నరకం, మనకు ఖర్చు.

ఏ గుర్తులు చూడాలి?

1. కుక్క వెనక భాగాన్ని నేలకు ఈడ్చుకుంటుంది.
2. తోక కింద మాటిమాటికీ నాకుతుంది, కొరుక్కుంటుంది.
3. కూర్చున్నది ఉలిక్కిపడి లేస్తుంది. తోక ముడుచుకుంటుంది.
4. దొడ్డికి పోవడానికి ముక్కుతుంది, మూలుగుతుంది.
5. ఒంటి నుంచి కుళ్లిన చేపల వాసన వస్తుంది.
6. 4 అంకె దగ్గర గాని, 8 అంకె దగ్గర గాని వాపు కనిపిస్తుంది.
7. చీము గాని, రక్తం గాని కారుతుంది. జ్వరం వస్తుంది. తిండి మానేస్తుంది.

మొదటి 5 గుర్తుల్లో ఏది కనిపించినా ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించాలి. 6, 7 గుర్తులు కనిపిస్తే ఆ రోజే చూపించాలి.

ముసలి కుక్కకు ఒకవైపు గట్టి గడ్డ తగులుతూ, అది నీళ్లు మరీ ఎక్కువగా తాగుతూ, మాటిమాటికీ మూత్రం పోస్తుంటే అస్సలు ఆలస్యం చేయకూడదు. అది కేన్సర్ గడ్డ కావచ్చు.

పురుగులా? తిత్తులా?

కుక్క నేలకు రాసుకుంటే చాలామంది పురుగులే అనుకుంటారు. కడుపులో బద్దె పురుగులు ఉన్నా కుక్క అట్లా రాసుకోవచ్చు. అప్పుడు తోక కింద వెంట్రుకలకు, దొడ్డిలో, పడుకున్న చోట బియ్యం గింజల్లాంటి తెల్లని ముక్కలు కనిపిస్తాయి. గోమార్లు మలద్వారం దగ్గర పట్టినా, పుండు ఉన్నా, మలం ఎండి వెంట్రుకలకు అంటుకున్నా కూడా రాసుకుంటుంది.

కాబట్టి కారణం ఒక్కటే అని అనుకోకూడదు. చూడాలి, చూపించాలి. పురుగుల మందు తిత్తిలోని చీమును తగ్గించదు.

డాక్టరు ఏం చేశారు?

డాక్టరు సారు మోతికి నొప్పి తెలియకుండా సూది వేశారు. గడ్డను కోసి చీము తీశారు. లోపల మందు నీళ్లతో కడిగారు. చీము తగ్గడానికి మందు బిళ్లలు రాశారు. రెండో తిత్తిని కూడా చూశారు. అది నిండి ఉంది గాని చీము పట్టలేదు. తొడుగు వేసుకున్న వేలితో మెల్లగా నొక్కి దాన్ని ఖాళీ చేశారు.

చీటీ ఎల్లమ్మ చేతికి ఇచ్చారు. ఎల్లమ్మ రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. చీటీని కూడబలుక్కొని చదివింది. "పూటకు 1 బిళ్ల. రోజుకు 2 పూటలు. 7 రోజులు" అని ఉంది.

"మూడొద్దులకే తగ్గితే ఆపుదామా సారూ?" అని మల్లయ్య అడిగాడు.

"తగ్గినట్టు కనిపించినా మధ్యలో ఆపొద్దు పెద్దయ్యా. ఆపితే చీము మళ్లీ పడుతుంది" అన్నారు డాక్టరు.

ఎల్లమ్మ గోడ మీద బొగ్గుతో 14 గీతలు గీసింది. బిళ్ల వేసిన ప్రతిసారీ ఒక గీత కొట్టేసింది. ఒక్క పూట కూడా తప్పలేదు. రెండు వారాలకు పుండు మానింది.

ఇంటి దగ్గర ఏం చేయాలి?

గడ్డ పగలకముందు దవాఖానకు పోవడానికి ఒక పూట ఆలస్యమైతే కాపడం పెట్టవచ్చు. శుభ్రమైన బట్టను గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండాలి. ముందు మన మణికట్టు మీద పెట్టి చూసుకోవాలి. మనకు కాలితే కుక్కకూ కాలుతుంది. ఆ బట్టను వాపు మీద 5 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. రోజుకు 2, 3 సార్లు ఇట్లా చేయవచ్చు. దీనితో కొంత ఉపశమనం కలుగుతుంది. కాని ఇది వైద్యం కాదు. డాక్టరుకు చూపించక తప్పదు. కుక్క గుర్రుమంటే కాపడం కూడా మానుకోవాలి.

కుక్క పుండును నాకకుండా చూడాలి. పాత ప్లాస్టిక్ బకెట్టు అడుగు కోసి మెడకు తొడగవచ్చు. కోసిన అంచుకు బట్ట చుట్టాలి. లేకపోతే మెడ కోసుకుంటుంది. తినేటప్పుడు, నీళ్లు తాగేటప్పుడు దాన్ని తీయాలి.

కుక్క పడుకునే చోటు శుభ్రంగా, పొడిగా ఉంచాలి. పుండు మీద ఈగలు వాలకుండా డాక్టరు ఇచ్చిన మందు రాయాలి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పశువుల దవాఖాన దూరంగా ఉంటే 1962 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. అది పశువైద్య సేవల నంబరు.

ఏం చేయకూడదు?

ఫినాయిలు, కిరసనాయిలు, సున్నం, బండి నుంచి తీసిన పాత ఆయిలు పుండు మీద పోయకూడదు. ఇవి చర్మాన్ని కాలుస్తాయి. కుక్క వాటిని నాకితే లోపలికి పోయి విషమవుతాయి.

ఉబ్బిన గడ్డను చేతితో పిసకకూడదు. సూదితో, బ్లేడుతో పొడవకూడదు. పిసికితే తిత్తి లోపలే పగిలి చీము చుట్టూ పాకుతుంది.

మనుషుల నొప్పి బిళ్లలు కుక్కకు వేయకూడదు. మనకు పనికొచ్చే బిళ్లే కుక్క కడుపులో పుండ్లు చేయవచ్చు. మూత్రపిండాలను, కాలేయాన్ని చెడగొట్టవచ్చు. ప్రాణం కూడా పోవచ్చు.

బాగున్న కుక్కకు తిత్తులు నొక్కించనక్కరలేదు. ఊరికే నొక్కితే లేని వాపు వస్తుంది.

నొప్పితో ఉన్న కుక్క కరవవచ్చు

ఎంత మంచి కుక్క అయినా నొప్పి ఉన్నచోట ముట్టుకుంటే కరుస్తుంది. అది పిచ్చీ కాదు, పగా కాదు. అందుకే పిల్లల్ని దగ్గరికి పోనివ్వకూడదు. ఒంటరిగా తోక ఎత్తి చూడకూడదు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు చూడాలి. మూతికి మెత్తని బట్ట వదులుగా కాకుండా, ఊపిరి ఆడేట్టు కట్టాలి. కుక్క కక్కుతున్నా, ఆయాసపడుతున్నా మూతి కట్టకూడదు. చూడడం కాగానే బట్ట విప్పాలి.

అయితే ఒక మాట మరవకూడదు. కుక్కకు పిచ్చి ఉందో లేదో మనం చూసి చెప్పలేం. నీళ్లు తాగితే పిచ్చి లేదని కొందరు అంటారు. అది నిజం కాదు. కుక్క కరిచినా, పన్ను గీరుకున్నా ఇట్లా చేయాలి:

వెంటనే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు పెట్టకూడదు. ఆ రోజే సర్కారు దవాఖానకు పోవాలి. అక్కడ టీకా ఉచితంగా వేస్తారు. గాయం నుంచి రక్తం వస్తే టీకాతో పాటు మరో మందు కూడా వేయవలసి ఉంటుంది. డాక్టరు చెప్పిన రోజుల్లో అన్ని సూదులూ వేయించుకోవాలి. పిచ్చికుక్క రోగం ముదిరితే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కాని వెంటనే కడిగి, అన్ని టీకాలు వేయించుకుంటే ఆ రోగం రాకుండా చేసుకోవచ్చు.

పెంచుకునే కుక్కకు 3 నెలల వయసు నుంచి పిచ్చికుక్క రోగం టీకా వేయించాలి. తర్వాత ప్రతి ఏడూ వేయించాలి.

మళ్లీ రాకుండా ఏం చేయాలి?

కుక్క మలం గట్టిగా వచ్చేట్టు చూడాలి. అన్నం గాని, సంకటి గాని పెట్టేటప్పుడు ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు కొంచెం కలపవచ్చు. ఇందులో పీచు ఉంటుంది. కారం కూరలు, నూనె ఎక్కువగా ఉన్న తిండి, ఉల్లిపాయ పెట్టకూడదు. పాలు పడని కుక్కకు పాలు పోయకూడదు. ఉడికించిన ఎముకలు వేయకూడదు. అవి చీలి పేగులకు గుచ్చుకుంటాయి. తాగడానికి మంచినీళ్లు ఎప్పుడూ ఉంచాలి. రోజంతా గొలుసుతో కట్టేసి ఉంచకుండా తిప్పాలి. విరేచనాలు రెండు రోజులు మించితే డాక్టరును అడగాలి.

ఒకసారి వచ్చిన కుక్కకు మళ్లీ రావచ్చు. నెలకోసారి తోక కింద చూస్తుండాలి. మాటిమాటికీ వస్తుంటే ఆపరేషను చేసి తిత్తులు తీసివేస్తారు. దానికి పెద్ద దవాఖానకు పోవాలి.

గుర్తుంచుకోండి

కుక్క నేలకు రాసుకోవడం ఆట కాదు, బాధ.
తోక కింద 4 దగ్గర, 8 దగ్గర చూడాలి.
పోయకండి, పిసకకండి, పొడవకండి. చూపించండి.
నొప్పితో తిరగబడిన కుక్కను కొట్టి చంపకండి. కట్టేసి డాక్టరును పిలవండి.
పన్ను గీరుకున్నా సరే, టీకా తప్పదు.

కొత్త మాటలు

తిత్తి = చిన్న సంచి
మలద్వారం = దొడ్డికి పోయే దారి
కాపడం = వేడి బట్టతో అద్దడం
ఉపశమనం = బాధ తగ్గడం
సూక్ష్మక్రిములు = కంటికి కనిపించని పురుగులు

ప్రశ్నలు

1. మోతి నేలకు రాసుకుంటే పిల్లలు ఏం చేశారు? మీరైతే ఏం చేసేవారు?
2. వాసన తిత్తులు ఎక్కడ ఉంటాయి? గడియారం బొమ్మ గీసి గుర్తు పెట్టండి.
3. బద్దె పురుగులు ఉంటే ఏం కనిపిస్తుంది?
4. ఎల్లమ్మ ముందుగా మోతిని చూపించిందా, మనుమనికి టీకా వేయించిందా? ఎందుకు?

ఖాళీలు పూరించండి

1. కుక్క పన్ను గీరుకుంటే గాయాన్ని ........ నిమిషాలు కడగాలి.
2. ఎల్లమ్మ గోడ మీద ........ గీతలు గీసింది.
3. పశువైద్య సేవల ఫోను నంబరు ........

తప్పా? ఒప్పా?

1. గొర్లకు కూడా వాసన తిత్తులు ఉంటాయి. ( )
2. పుండు మీద ఫినాయిలు పోయవచ్చు. ( )
3. నీళ్లు తాగే కుక్కకు పిచ్చి ఉండదు. ( )
4. డాక్టరు రాసిన బిళ్లలు మధ్యలో ఆపకూడదు. ( )

చేయండి

మీ ఇంటి కుక్క పేరు, వయసు, చివరిసారి టీకా వేయించిన తేదీ ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని గోడకు అంటించండి. మీ వాడకట్టులో కుక్క ఉన్న మరో ఇంటికి పోయి ఈ పాఠం చదివి వినిపించండి.